స్పైరల్, ట్యాంకు, సీసాలు: ఇంటి డార్క్ రూమ్‌లో ఏది ఎలా కడగాలి

అమ్మా, ముందు ఆ బాత్రూమ్ యాసిడ్ సీసా తీసి బయట పెట్టండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

మీరు అడిగింది ఒకసారి చెప్పుకుంటాను, చదివే మిగతావాళ్ళకీ తెలియాలి కదా. శ్రీకాకుళంలో అద్దె ఇల్లు, బాత్రూమే డార్క్ రూమ్. ప్లాస్టిక్ ట్యాంకు, అందులో ఫిల్మ్‌ని చుట్టి పెట్టే గాడుల చక్రం, అంటే ప్లాస్టిక్ స్పైరల్, బోరు నీళ్ళు. ఇంట్లోనే బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ కడుగుతున్నారు, అంటే రసాయనాల్లో వేసి బొమ్మ తేలుస్తున్నారు. ఆ రసాయనాలనే మేం మందులంటాం. ఈ మధ్య ఫిల్మ్ స్పైరల్‌లోకి ఎక్కకుండా మధ్యలో పట్టేస్తోంది. నెగటివ్ అంచుల్లో చిన్న చిన్న గుండ్రటి మచ్చలు వస్తున్నాయి. ఒక రోల్‌లో పాలరంగు మచ్చ ఒకటి పెద్దది పడింది. ట్యాంకు లోపల గోధుమరంగు తేలింది, సీసాల అడుగున తెల్లటి మడ్డి చేరింది. టాయిలెట్ కడిగే యాసిడ్ పోసి తోమితే అన్నీ తెల్లగా వస్తాయని తెలిసినవాళ్ళు చెప్పారు, అలా చేయొచ్చా, లేక కొత్త స్పైరల్ కొనుక్కోవాలా అని మీ ప్రశ్న.

యాసిడ్ వద్దు. అందులో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. ట్యాంకు సందుల్లో మిగిలిపోయిన హైపోకి, అంటే తేలిన బొమ్మని స్థిరపరిచే ఫిక్సర్ మందుకి, అది తగిలితే గంధకం విడిపోయి ద్రవం పాలలా తెల్లబడుతుంది, దాంతోపాటు సల్ఫర్ డయాక్సైడ్ వాయువు వస్తుంది. వెలుతురు రాకుండా కిటికీ సందులన్నీ మూసేసిన బాత్రూమ్‌లో ఆ వాయువు పీల్చడం మంచిది కాదు, ఆయాసం ఉన్నవాళ్ళకి మరీ ప్రమాదం. యాసిడ్‌తో పోలేదని దానిమీద బ్లీచింగ్ పౌడర్ చల్లితే క్లోరిన్ వస్తుంది. అది ఇంకా ప్రమాదం. బ్లీచింగ్ పౌడర్, బ్లీచ్ ద్రావణం నేను డార్క్ రూమ్ గుమ్మం దాటనివ్వను. అవి లేకుండానే ఈ పనంతా అవుతుంది.

నేను పని నేర్చుకున్నది విజయనగరంలో ఒక స్టూడియో డార్క్ రూమ్‌లో. ఇప్పుడు ఇంట్లోనే కడుగుతున్నాను. అక్కడ నాకు మొదట అలవాటు చేసింది ఫిల్మ్ కడగడం కాదు, గరాటు కడగడం. ఏ మందైనా తడిగా ఉన్నంతసేపు మామూలు నీళ్ళకే పోతుంది. ఎండిందంటే పొడి అవుతుంది, మరక అవుతుంది, జిగురు అవుతుంది. అప్పుడు దాన్ని వదిలించడానికి ఇంకో మందు కావాలి, ఆ మందుని వదిలించడానికి మళ్ళీ నీళ్ళు కావాలి. అందుకే ఈ సమాధానంలో సగం మాటలు మరకలు ఎలా వదిలించాలో కాదు, అసలు ఎండనివ్వకుండా ఎలా ఉంచాలో చెప్పేవే.

ఇంకో సంగతి. కంటికి కనిపించే మురికి అంతా చెడ్డది కాదు, చెడ్డదంతా కనిపించదు. మీ ట్యాంకు లోపలి గోధుమరంగు గురించి టెన్షన్ పడకండి. అది గాలి తగిలి పాడైన డెవలపర్, అంటే ఫిల్మ్ మీద బొమ్మ తేల్చే మందు, వదిలిన రంగు, ప్లాస్టిక్‌లోకి ఇంకిపోయింది. వేలితో రుద్దితే నున్నగా ఉండి, గోరుకి ఏమీ రాకపోతే అది ఫిల్మ్‌ని ఏమీ చేయదు. పాత స్టూడియోల్లో డెవలపర్ ట్రేలన్నీ అదే రంగులో ఉండేవి. దాన్ని తెల్లగా చేయాలని స్టీలు పీచుతో తోమితే ప్లాస్టిక్ గీతలు పడుతుంది, ఆ గీతల్లో నిజంగానే మందు దాక్కుంటుంది. గోరుకి పొలుసులా ఊడొస్తే మాత్రం వదిలించాల్సిందే.

కనిపించకుండా చెడగొట్టేది హైపో. డెవలప్ కాని వెండి లవణాలను కరిగించడమే దాని పని. ఆ గుణాన్ని జాన్ హెర్షెల్ 1819లోనే గమనించాడు, 1839 నుంచి ఫోటోలకి వాడుతున్నాం. అదే హైపో కొద్దిగా డెవలపర్‌లో పడితే, డెవలప్ అవుతుండగానే వెండి లవణాలు కరిగి, మళ్ళీ నెగటివ్ మీద సన్నటి వెండి పొరలా పేరుకుంటాయి. నెగటివ్‌ని వెలుతురుకి పెట్టి చూస్తే ఎర్రగా, పక్కనుంచి చూస్తే పచ్చగా కనిపించే మసక అదే. డైక్రోయిక్ ఫాగ్ అంటారు. తిరగేసి చూస్తే, డెవలపర్ కాస్త హైపోలో పడినంత మాత్రాన కొంప మునగదు, హైపో త్వరగా నీరసిస్తుంది, అంతే. కాబట్టి శుభ్రత అంతా ఒకే దిక్కు చూడాలి: హైపో తగిలింది ఏదీ కడగకుండా డెవలపర్ వైపు వెళ్ళకూడదు.

ఇప్పుడు మీ స్పైరల్ సంగతి. నా అంచనాలో మీ మూడు ఇబ్బందుల్లో రెండు దానికి పట్టిన జిగురు నుంచే వస్తున్నాయి. ఫిల్మ్‌ని ఆఖర్న, నీటిచుక్కలు నిలవకుండా వాడే వెట్టింగ్ ఏజెంట్‌లో, అంటే ఫోటోఫ్లో లాంటిదాంట్లో, స్పైరల్‌తో సహా ముంచుతున్నారు కదా? చాలామంది అలాగే చేస్తారు. ఆ ద్రావణం సబ్బులాంటిది. స్పైరల్ గాడుల్లో ప్రతిసారీ కొంచెం మిగిలి, ఎండి, దాని మీద ఫిల్మ్ మీది పూత నుంచి వచ్చే జెలటిన్ నలుసులు అంటుకుని జిగురు కడుతుంది. పాటర్సన్ కంపెనీ తరహా స్పైరల్ అయితే మూతి దగ్గర రెండు చిన్న స్టీలు గోళీలుంటాయి. ఫిల్మ్‌ని ముందుకి తోసేవి అవే. ఆ జిగురు పట్టి గోళీ తిరగడం మానేస్తే ఫిల్మ్ అక్కడే ఆగుతుంది. మీరు బలంగా తోస్తారు, అది మడత పడుతుంది.

అదే జిగురు మీ గుండ్రటి మచ్చలకీ కారణం అయ్యుండాలి. డెవలపర్ పోయగానే స్పైరల్‌లోని సబ్బు కరిగి నురగ వస్తుంది. నురగ బుడగలు ఫిల్మ్ అంచున, రంధ్రాల పక్కన అంటుకుంటాయి. బుడగ ఉన్నచోట డెవలపర్ తగలదు, నెగటివ్ మీద ఆ చోట పలచగా తేలుతుంది, ప్రింటు తీస్తే నల్ల చుక్క అవుతుంది. మీరు చెప్పిన మచ్చలు నెగటివ్‌లో పలచగా ఉన్నాయా, దట్టంగా ఉన్నాయా ఒకసారి చూడండి. పలచగా ఉంటే బుడగలు, లేదా డెవలప్ చేయకముందే ఫిల్మ్ మీద పడ్డ హైపో తుంపర్లు. బుడగ మచ్చ అయితే గుండ్రంగా, అంచు చక్కగా ఉంటుంది. దట్టంగా, నల్లగా ఉంటే డెవలపర్ పొడి గాని, చుక్క గాని ముందే పడిందన్నమాట.

స్పైరల్‌ని ఇలా బాగుచేయండి. రెండు ముక్కలూ విడదీయండి. చెయ్యి పెట్టగలిగేంత వేడి నీళ్ళలో, లీటరుకి 20, 30 గ్రాముల బట్టల సోడా కలిపి ఒక గంట నానబెట్టండి. నీళ్ళు మరిగించొద్దు, ప్లాస్టిక్ వంగితే స్పైరల్ ఇక పనికి రాదు. సోడా అంటే వాషింగ్ సోడా, వంట సోడా కాదు. తర్వాత మెత్తటి టూత్‌బ్రష్‌తో ఒక్కో గాడి వెంట బయటి నుంచి మధ్యకి తోముకుంటూ రండి. ఆ బ్రష్ ఇక దీనికే ఉంచేయండి. గోళీలున్నచోట బ్రష్ అడ్డంగా, నిలువుగా ఆడించి, స్పైరల్‌ని చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. రెండు గోళీలూ గలగలమనాలి. ఒకటే మోగితే ఆ రెండోదాన్ని మళ్ళీ నానబెట్టాలి. తర్వాత నాలుగైదు నీళ్ళు మార్చి కడిగి, నీళ్ళు దులిపి, నీడలో ఫ్యాను కింద పెట్టండి. నూనె, పౌడర్, మైనం లాంటివి గాడుల్లో రాయొద్దు. ఫిల్మ్ ఆరోజుకి ఎక్కుతుందేమో గాని, అదంతా డెవలపర్‌లోకి వస్తుంది.

ఇకమీదట వెట్టింగ్ ఏజెంట్‌ని స్పైరల్‌కి తగలనివ్వకండి. ఆఖరి నీళ్ళయ్యాక ఫిల్మ్‌ని స్పైరల్ నుంచి తీసి, వేరే గిన్నెలో కలిపి ఉంచుకున్న ద్రావణంలో అటూ ఇటూ ఆడించి, ఆరవేయండి. ఫోటోఫ్లో 200 అయితే 1:200 పాళ్ళే, అంటే లీటరుకి 5 మిల్లీలీటర్లు. మనవాళ్ళు ఒక మూత ఎక్కువ వేస్తే ఇంకా మెరుస్తుందనుకుంటారు. ఎక్కువైతే నెగటివ్ మీదే జిడ్డు చారలు మిగులుతాయి.

పాలరంగు మచ్చ వేరే కథ. రెండు చుట్లు ఒకదానికొకటి అతుక్కుపోయినచోట మందు ఏదీ లోపలికి వెళ్ళదు, డెవలప్ అవదు, ఫిక్స్ కూడా అవదు. అందుకే పాలలా మిగిలిపోతుంది. ఆ ముక్కని మళ్ళీ హైపోలో వేస్తే మచ్చ కరిగి గాజులా అవుతుంది, బొమ్మ మాత్రం రాదు. ఇది స్పైరల్ తడి వల్ల. గాడిలో ఒక్క నీటి బొట్టు ఉన్నా ఫిల్మ్‌లోని జెలటిన్ ఉబ్బి అక్కడే పట్టుకుంటుంది. స్పైరల్ బయటికి పొడిగా కనిపించినా మధ్య గొట్టం దగ్గర, గోళీల కింద తడి ఉండిపోతుంది. మన సముద్రం గాలికి అది ఆరడానికి మీరనుకున్నదాని కంటే ఎక్కువసేపు పడుతుంది.

పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం తర్వాత స్టూడియోకి రోల్స్ కుప్పలుగా వచ్చేవి. ఒకదాని వెంట ఒకటి కడగాలి, స్పైరల్ ఆరే టైం ఉండదు. ఆ రోజుల్లో అక్కడ పెద్దాయన కొత్త మందులేవీ కొనలేదు, స్పైరల్స్ కొన్నారు. తడిది పక్కన పెట్టడం, పొడిది తీసుకోవడం. మీరు అడిగిన కొత్త స్పైరల్ గురించి నేను చెప్పేదీ అదే. పాతది పాడైందని కాదు, పాతది ఆరడానికి తీరిక దొరకాలని రెండోది కొనుక్కోండి. అప్పటిదాకా ఒకేరోజు రెండు రోల్స్ కడగాల్సి వస్తే హెయిర్ డ్రయర్‌ని తక్కువ వేడి మీద దూరంగా పట్టుకుని ఆరబెట్టవచ్చు.

ట్యాంకుకి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఉన్నదల్లా మూత దగ్గరే. మూత లోపల గరాటు ఆకారంలో ఉన్న భాగం, దాని కింది మడత, రబ్బరు పైమూత అంచు, ఈ మూడు చోట్ల హైపో దాక్కుంటుంది. పని అవగానే అన్నీ విడదీసి విడివిడిగా కడగండి. మూత పెట్టేసి ట్యాంకు నిండా నీళ్ళు పోసి వంపితే కడిగినట్టు కాదు. ఆరబెట్టేటప్పుడు కూడా విడదీసే ఉంచండి. మూత పెట్టి దాచిన తడి ట్యాంకు మన దగ్గర వర్షాకాలంలో వారం తిరక్కముందే బూజు వాసన కొడుతుంది.

ఎన్ని నీళ్ళతో కడగాలి అని చాలామంది అడుగుతారు. కుళాయి వదిలేసి పది నిమిషాలు పారనిస్తే శుభ్రమైపోయిందనుకోవద్దు, ఆ నీళ్ళు సగం పైనుంచే పొర్లిపోతాయి. లెక్క చూడండి. ట్యాంకులో 5 మిల్లీలీటర్ల హైపో మిగిలిందనుకుందాం. 300 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి బాగా కుదిపి వంచేస్తే, అడుగున మళ్ళీ మిగిలే 5 మిల్లీలీటర్లలో హైపో సుమారు 60వ వంతు. ఇంకోసారి అంతే చేస్తే 3,600వ వంతు. మూడోసారికి 2 లక్షల వంతు దాటుతుంది. మొత్తం ఖర్చయింది లీటరు నీళ్ళ లోపే. పోయడం, కుదపడం, పూర్తిగా వంచడం, ఈ వరస ముఖ్యం. ఫిల్మ్ కడుక్కోవడానికి ఇల్‌ఫర్డ్ కంపెనీ చెప్పే పద్ధతి కూడా ఈ లెక్క మీదే నడుస్తుంది: నీళ్ళు నింపి ట్యాంకుని 5 సార్లు తలకిందులుగా తిప్పి పారబోయడం, మళ్ళీ నింపి 10 సార్లు, మళ్ళీ నింపి 20 సార్లు. ఎండాకాలంలో నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే ఇళ్ళలో ఇది పెద్ద ఉపకారం.

గరాటు, కొలిచే జారు, కలిపే పుల్ల, థర్మామీటర్. డెవలపర్ చెడిపోయిందని నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి దోషం వీటిలోనే కనబడింది. వీలైతే డెవలపర్‌కి ఒక గరాటు, ఒక జారు విడిగా పెట్టుకుని, ఎర్ర టేపు చుట్టండి. హైపోవి నీలం టేపు. చీకట్లో కూడా తెలియాలంటే ఒకదానికి రబ్బరు బ్యాండు వేయండి. థర్మామీటర్ రెండు కొనక్కర్లేదు గాని, డెవలపర్ వేడి మొదట చూసి, తర్వాతే హైపోలో పెట్టండి, తీయగానే ఒక మగ్గు నీళ్ళలో ముంచండి. పని మొదలుపెట్టేముందు పక్కన ఒక బకెట్ మంచినీళ్ళు పెట్టుకుంటే, వాడిన ప్రతిదీ అందులో పడేస్తూ ఉండొచ్చు. అదే బకెట్‌లో హైపో గరాటు, డెవలపర్ గరాటు రెండూ వేస్తే మళ్ళీ మొదటికొచ్చినట్టే. హైపోవాటికి వేరే మగ్గు.

తువ్వాలు గురించి ఎవరూ అడగరు. నేను మాత్రం ఎవరి డార్క్ రూమ్‌కి వెళ్ళినా ముందు అదే చూస్తాను. హైపో అంటిన చేతులు తువ్వాలుకి తుడుస్తాం. అది ఎండుతుంది. మర్నాడు చేతులు కడుక్కుని అదే తువ్వాలుకి తుడుచుకుని ఫిల్మ్ ఎక్కిస్తాం. ఫిల్మ్ మీద వేలిముద్రలు తేలినప్పుడు అందరినీ అనుమానిస్తాం గాని తువ్వాలుని అనుమానించం. రెండు పెట్టుకోండి. తడిచేతికి ఒకటి, ఫిల్మ్ ముట్టుకునే ముందు ఒకటి. మొదటిదాన్ని వాడిన రోజే ఉతకాలి. అలాగని తువ్వాలుతో ట్యాంకు లోపల, జారుల లోపల తుడవొద్దు. నూలు గుడ్డ ఎంత మెత్తదైనా, పొందూరు ఖద్దరైనా సరే, పోగు వదులుతుంది. వాటంతటవే బోర్లించి ఆరనివ్వండి.

బాత్రూమ్ చిన్నదని రాశారు. చిన్నదైనా ఒక పక్క తడి, ఒక పక్క పొడి అని గీత గీసుకోవాలి. బకెట్ మీద ఒక చెక్క వేసి దానిమీద మందులన్నీ, అది తడి పక్క. ఫిల్మ్, కత్తెర, స్పైరల్, ఛేంజింగ్ బ్యాగ్ (వెలుతురు చొరకుండా లోపల చేతులు పెట్టి ఫిల్మ్ ఎక్కించే సంచి) అసలు బాత్రూమ్‌లో పెట్టకండి, గదిలో పెట్టుకోండి. ఛేంజింగ్ బ్యాగ్‌లో ఫిల్మ్ ఎక్కిస్తుంటే మన ఊళ్ళలో రెండు నిమిషాల్లో చేతులు చెమట పడతాయి, ఆ ఆవిరికే ఫిల్మ్ పట్టేస్తుంది. తెల్లవారుజామునో, రాత్రి చల్లబడ్డాకో ఎక్కించి పెట్టుకోవడం మేలు. బ్యాగ్‌ని నెలకోసారి తిరగేసి దులపండి. మూలల్లో ఫిల్మ్ కొసలు కత్తిరించిన ముక్కలు, దుమ్ము చేరి ఉంటాయి.

నేల మీద, చెక్క మీద ఒలికిన హైపోని అప్పటికప్పుడు తడిగుడ్డతో తుడిచేయాలి. ఎండితే తెల్లటి పొడి అవుతుంది, ఫ్యాను వేస్తే లేస్తుంది, లేచి ఎక్కడెక్కడ వాలుతుందో మన చేతిలో ఉండదు. చీపురుతో ఊడవకండి, తడిగుడ్డే.

ఇక సీసాలు. మీరు రాసిన తెల్లటి మడ్డి ఏ సీసాలోదో చెప్పలేదు. డెవలపర్, హైపో రెండు సీసాల్లోనూ మడ్డి తెల్లగానే ఉంటుంది, కారణాలు వేరు. డెవలపర్ సీసాలో అయితే అది బోరు నీళ్ళ పని. డి-76 లాంటి డెవలపర్‌లో లీటరుకి 100 గ్రాముల సోడియం సల్ఫైట్ ఉంటుంది. బోరు నీళ్ళలోని కాల్షియం దాంతో కలిసి కరగని తెల్లపొడిగా దిగుతుంది. డెవలపర్ పాడైందని కాదు, గరాటులో దూది పెట్టి వడకట్టి వాడుకోవచ్చు. కాని ఆ పొడి ఫిల్మ్ మీద వాలితే చుక్కలు పడతాయి. ఖాళీ చేశాక సీసాని మూడు నీళ్ళతో కడిగి, లీటరు గోరువెచ్చని నీళ్ళలో 20 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి పోసి, కిటికీ తీసి ఉంచి, ఒక పూట వదిలేస్తే సీసా గోడలకి పట్టిన గార కూడా పోతుంది. స్టీలు ట్యాంకుకీ, జారులకీ పట్టిన సున్నపు గారకి కూడా ఇదే వైద్యం. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పే, వేరే ఏమీ కాదు.

హైపో సీసా అడుగున పసుపు కలిసిన తెల్లపొడి, ఘాటు వాసన ఉంటే మాత్రం అది గంధకం. హైపో పాతబడి విరిగిపోయింది. వడకట్టి వాడదామని చూడకండి, ఆ హైపో పారేయాల్సిందే. ఈ సీసాలో నిమ్మ ఉప్పు వేయకూడదు. పుల్లటిది ఏది తగిలినా మిగిలిన హైపో ఇంకా విరుగుతుంది. గంధకం నీళ్ళకి పోదు, వేడి సోడియం సల్ఫైట్ ద్రావణానికి కరుగుతుంది. చిత్రమేమిటంటే ఆ రెండూ కలిస్తే తయారయ్యేది మళ్ళీ హైపోయే. గాజు సీసా అయితే ఆ కష్టం పడొచ్చు. కూల్‌డ్రింక్ సీసా అయితే పారేసి కొత్తది పెట్టుకోండి.

మూతలు మారిపోకుండా చూసుకోండి. మూత లోపలి అట్ట గాని, రబ్బరు గాని హైపోని పీల్చుకుని ఉంటుంది. దాన్ని డెవలపర్ సీసాకి పెడితే ఎంత కడిగిన సీసా అయినా ప్రయోజనం లేదు. సీసా మీద రాసిన పేరే మూత మీద కూడా రాయండి, కలిపిన తేదీ కూడా వేయండి. ఇంట్లో పిల్లలుంటే కూల్‌డ్రింక్ సీసాలు అసలే వద్దు, ముదురు రంగు గాజు సీసాలు వాడి అందనంత ఎత్తులో పెట్టాలి. వంటింటి గిన్నె, గరిటె, గరాటు ఏదీ ఇటు రాకూడదు, ఇక్కడిది అటు వెళ్ళకూడదు. డెవలపర్‌లోని మెటాల్ అనే రసాయనం కొందరి చర్మానికి పడదు, దురద, పొక్కులు వస్తాయి. సామాన్లు కడిగేటప్పుడు కూడా రబ్బరు తొడుగులు వేసుకోండి.

నీళ్ళ గురించి ఒక మాట. కడగడానికి బోరు నీళ్ళు పనికొస్తాయి. డెవలపర్ కలపడానికి ఆర్వో క్యాన్ నీళ్ళు వాడండి. ఆఖరి తడుపుకి, వెట్టింగ్ ఏజెంట్ కలపడానికి బ్యాటరీల షాపుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. ఒక రోల్‌కి లీటరు కూడా పట్టదు, ఎండిన నీటిచుక్కల మచ్చలు ఆ ఒక్క మార్పుతో పోతాయి. నాగావళి ఎర్రగా వచ్చే రోజుల్లో కుళాయి నీళ్ళలో సన్నటి ఇసుక ఉంటుంది. తడి జెలటిన్‌కి ఆ ఇసుక తగిలితే గీతే. రెండు వేళ్ళ మధ్య ఫిల్మ్ పెట్టి నీళ్ళు లాగే అలవాటు గాని, రబ్బరు స్క్వీజీ గాని ఉంటే మానేయండి. స్క్వీజీలో ఒక్క రేణువు ఇరుక్కున్నా రోల్ పొడుగునా గీత పడుతుంది, ఎంత కడిగినా ఆ స్క్వీజీ మీద నాకు నమ్మకం కుదరదు. బురద నీళ్ళలో పటిక తిప్పి తేర్చడం మన ఇళ్ళలో అలవాటు. తాగడానికి సరే, ఆ నీళ్ళతో డెవలపర్ కలపొద్దు. డెవలపర్ క్షారం కాబట్టి పటికలోని అల్యూమినియం తెల్లటి తెట్టుగా విడిపోతుంది.

నల్లగా, వెండిలా మెరిసే మరకలు ట్రేలకీ, ట్యాంకుకీ పడితే అవి నిజంగా వెండే. సోడాకీ, నిమ్మ ఉప్పుకీ అవి లొంగవు. పొటాషియం ఫెర్రిసయనైడ్, హైపో కలిపిన ఫార్మర్స్ రెడ్యూసర్‌కి కరుగుతాయి. దాని దగ్గరికి కూడా టాయిలెట్ యాసిడ్ లాంటి ఘాటు ఆమ్లం రానివ్వకూడదు, విషవాయువు పుట్టే ప్రమాదం ఉంది. పాత పుస్తకాల్లో పొటాషియం డైక్రోమేట్, సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపిన ట్రే క్లీనర్ సూత్రం కనిపిస్తుంది. పనిచేస్తుంది, నిజమే. కాని డైక్రోమేట్‌లోని క్రోమియం క్యాన్సర్ కారకం. ఒక ట్రే తెల్లబడటం కోసం అది ఇంట్లోకి తేవడం నాకు సమ్మతం కాదు. ట్రే మార్చుకోవడం చవక.

కలర్ ఫిల్మ్ కూడా కడగాలని ఉందన్నారు. కలర్ ఫిల్మ్ కడిగే సీ-41 పద్ధతిలో, డెవలపర్‌లో బ్లిక్స్ (బ్లీచ్, ఫిక్సర్ కలిసిన మందు) చుక్క పడితే చాలు, రంగులు పోతాయి. దానికి సీసాలు, గరాటు, జారు పూర్తిగా వేరే సెట్ పెట్టుకోగలిగితేనే మొదలుపెట్టండి.

వర్షాకాలం, తుఫాను రోజులు మన జిల్లాలకి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు మీ వైపు ఊళ్ళలో కరెంటు రోజుల తరబడి లేదు. ఫ్యాన్లు లేవు, గాలంతా తడి. బూజుకి జెలటిన్ మంచి తిండి, అది నెగటివ్‌ల మీదే కాదు, సరిగా కడగని స్పైరల్ మీదా పెరుగుతుంది. అందుకే స్పైరల్స్, క్లిప్పులు, ఛేంజింగ్ బ్యాగ్ బాగా ఆరాక మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. రంగు మారే రకం సిలికా జెల్ కొంటే ఎప్పుడు తడిసిందో తెలుస్తుంది, వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు. తడిగా ఉన్నదాన్ని డబ్బాలో పెట్టారో, ఆ డబ్బాయే బూజుకి ఇల్లు. ఇనుప క్లిప్పులు తుప్పు పడతాయి, స్టీలువి గాని ప్లాస్టిక్‌వి గాని వాడండి. తుప్పు నీరు ఫిల్మ్ మీదుగా కారిన మరక పోదు.

సామాన్లు కడిగిన నీళ్ళు, వాడేసిన మందులు ఎక్కడికి పోతున్నాయో కూడా చూసుకోవాలి. అద్దె ఇంట్లో సెప్టిక్ ట్యాంకు, బోరు రెండూ ఒకే పెరట్లో ఉంటాయి. మొదటిసారి కడిగిన పలచటి నీళ్ళు, డెవలపర్ ఒకటి రెండు ట్యాంకులు పెద్ద విషయం కాదు, ఎక్కువ నీళ్ళతో పంపేయవచ్చు. వాడేసిన హైపో మాత్రం బావి దగ్గర, మొక్కల్లో, కాలవలో పోయకండి. అందులో ఫిల్మ్ నుంచి వచ్చిన వెండి ఉంటుంది, నీళ్ళలోని జీవాలకి అది చెరుపు. ఒకప్పుడు స్టూడియోల నుంచీ ఎక్స్‌రే సెంటర్ల నుంచీ వాడిన హైపోని వెండి కోసమే కొనుక్కెళ్ళేవాళ్ళు. ఇప్పుడు ఇంట్లో కడిగేవాళ్ళ కొద్దిపాటి హైపో కోసం ఎవరూ రారు. ఒక మూతున్న ప్లాస్టిక్ క్యానులో పోగుచేసి, అందులో ఇనుప పీచు (స్టీల్ వూల్, గిన్నెలు తోమే స్టెయిన్‌లెస్ స్టీలు పీచు కాదు) ముక్కలు వేసి వారం రోజులు ఉంచండి. ఇనుము కరిగి, దాని స్థానంలో వెండి నల్లటి మడ్డిగా దిగుతుంది. మడ్డిని ఆరబెట్టి దాచుకోండి, పైన తేరిన నీళ్ళు పలచచేసి పంపండి. కొత్త హైపోలో ఫిల్మ్ కొస ముక్క ఎంతసేపటికి తేటపడుతుందో చూసి సీసా మీద రాసుకోండి. ఆ టైం రెండింతలు అయిందంటే ఆ హైపోని క్యానులో పోసేయవచ్చు.

ఈ వారం మీరు చేయాల్సింది స్పైరల్‌ని సోడాలో నానబెట్టడం ఒక్కటే. అది ఒక రోజంతా ఆరాక, పనికిరాని ఫిల్మ్ రోల్ ఒకటి తీసుకుని, కొస మూలలు రెండూ కత్తెరతో కొంచెం గుండ్రంగా కత్తిరించి, వెలుతురులోనే ఎక్కించి చూడండి. అప్పటికీ పట్టేస్తే ఎక్కడ ఆగిందో రాయండి. మొదటి చుట్టులోనే ఆగితే గోళీలు గాని, ఫిల్మ్ కొస గాని కారణం. ఆఖరి చుట్లలో ఆగితే తడి గాని, ఏదో ఒక గాడిలో మిగిలిన జిగురు గాని అయ్యుంటుంది. గాడులు కనిపించేలా స్పైరల్ ఫోటో కూడా ఒకటి పెట్టండి, చూసి చెప్తాను.